చేర్చుకోవడం ఎక్కడిదాకా? ఒప్పుకోవడం ఎప్పుడు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మనతో సరిపడనివాళ్లను చేర్చుకోవడం, తప్పు చేసినవాళ్లను మళ్లీ రానివ్వడం, తప్పించుకోలేని కష్టాన్ని ఒప్పుకోవడం గురించి అడిగారు. రాసినవారి పేర్లు, ఊళ్లు తీసేశాం. వచనాల అంకెలు ఇస్తున్నాం, బైబిలు పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా ప్రార్థన కూటంలో కొందరు అక్కలు నగలు, పూలు పెట్టుకోరు. పెట్టుకునేవాళ్లను ‘లోకస్థులు’ అంటారు. పక్కింటివాళ్లు పండక్కి పంపిన పులిహోర తినొచ్చా అన్నది ఇంకో గొడవ. ‘ఒకరినొకరు చేర్చుకోండి’ అని పౌలు రాసింది ఇలాంటివాటికి కూడా వర్తిస్తుందా?

ఇలాంటివాటి గురించే రాశాడమ్మా. రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు పౌలు రాసిన ఉత్తరం, అందులో 14వ అధ్యాయం, 15లో మొదటి 13 వచనాలు కలిపి ఒక్క బిగిన చదవండి. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచి పొమ్మన్నాడు (అపొస్తలుల కార్యములు, అంటే అపో. కా. 18:2). ఇది క్రీ.శ. 49 ప్రాంతంలో జరిగిందని సాధారణంగా లెక్కగడతారు. 54లో అతను చనిపోయాక వాళ్లు మెల్లగా తిరిగొచ్చారు. ఈలోగా అక్కడి సంఘాలు అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ల, అలవాట్లతో నడుస్తున్నాయి. 57 ప్రాంతంలో పౌలు ఉత్తరం చేరేసరికి ఒకే ఇంట్లో మాంసం తినేవాళ్లు, కూరగాయలు మాత్రమే తినేవాళ్లు, దినాలు పాటించేవాళ్లు, పాటించనివాళ్లు ఉన్నారు.

పౌలు తన అభిప్రాయం దాచుకోలేదు. ఏ ఆహారమూ దానంతటది నిషిద్ధం కాదని చెప్పేశాడు (14:14). అలాగని తినేవాళ్లను గెలిపించి వదిలేయలేదు. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అన్నాడు (14:3). ఎవరి జబ్బుకు తగ్గ మందు వాళ్లకిచ్చాడన్నమాట. మీ కూటంలో అయితే, నగలు పెట్టుకునేవాళ్లు ‘చాదస్తం’ అని నవ్వుకోవడం మానాలి. పెట్టుకోనివాళ్లు ‘లోకస్థులు’ అనే మాట మానాలి. రెండూ ఒకే రోజు మానాలి, లేకపోతే మొదట మానినవాళ్లు ఓడిపోయినట్టు లెక్క అవుతుంది.

ఇక నగల సంగతి. 1 తిమోతి 2:9, 1 పేతురు 3:3 వచనాలను నిషేధంగా చదివేవాళ్లున్నారు, ఆడంబరం వద్దన్న సలహాగా చదివేవాళ్లూ ఉన్నారు. పేతురు అదే వాక్యంలో బట్టలు కట్టుకోవడాన్ని కూడా బంగారంతో కలిపే చెప్పాడు. కాబట్టి దాన్ని పూర్తి నిషేధంగా చదవడం కష్టమని మా అభిప్రాయం. అయినా ప్రభువు కోసమని మెడలో గొలుసు తీసేసిన అక్కను మళ్లీ వేసుకోమని ఒత్తిడి చేయకండి. పేదవాళ్లు ఎక్కువున్న సంఘంలో ఆ అలవాటు వల్ల ఆడపిల్ల తల్లిదండ్రులకు ఎంత బరువు తగ్గుతుందో కూడా చూడాలి కదా.

పులిహోరకు 1 కొరింథీయులకు 10:25-28 చూడండి. పౌలు మూడు సందర్భాలు చెప్పాడు. అంగట్లో కొన్నది ఆరా తీయకుండా తినండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది ఆరా తీయకుండా తినండి. ‘ఇది దేవుడికి పెట్టింది’ అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం తినకండి. పూజలోనే పాల్గొనడం వేరే సంగతి, అది 14 నుంచి 21 వరకు ఉంది. కాబట్టి పక్కింటి వంటింట్లోంచి వచ్చిన గిన్నెను పరీక్ష పెట్టనక్కర్లేదు. నైవేద్యమని చెప్పి ఇస్తే, ‘మీ అభిమానానికి సంతోషం వదినా, ప్రసాదమైతే మాకు పట్టింపు ఉంది’ అని సూటిగా చెప్పండి. మన ఊళ్లలో ఎవరి నియమాలు వాళ్లకుంటాయి, అర్థం చేసుకుంటారు. నవ్వుతూ పుచ్చుకుని వెనక చెత్తకుండీలో వేయడమే అసలు అవమానం.

ఒక హెచ్చరిక. ‘నాకు అభ్యంతరంగా ఉంది, నువ్వు మానెయ్’ అనే వాదన సంఘాల్లో బాగా పెరిగింది. పౌలు చెప్పిన అభ్యంతరం అది కాదు. మిమ్మల్ని చూసి ఇంకొకరు తన మనస్సాక్షి వద్దంటున్నా ఆ పని చేసి పాడైతే, అదీ అభ్యంతరం (1 కొరింథీయులకు 8:10-11). ఊరికే ఒళ్లు మండడం ఆ లెక్కలోకి రాదు. వస్తే, ఎక్కువ విసుక్కునేవాళ్లే సంఘాన్ని ఏలుతారు.

రోమాలో దినాల విషయం ఎవరిష్టానికి వాళ్లకు వదిలేసిన పౌలు, గలతీయులు దినాలు పాటిస్తుంటే మాత్రం నా కష్టమంతా వృథా అయిందేమో అని భయపడ్డాడు (గలతీ 4:10-11). ఎందుకంటే గలతీలో అవి రక్షణకు షరతుగా మారాయి. తిమోతికి సున్నతి చేయించినవాడే (అపో. కా. 16:3), సున్నతి తప్పనిసరని షరతు పెట్టినప్పుడు, యూదుడు కాని తీతు విషయంలో ఒక్క గడియ కూడా లొంగలేదు (గలతీ 2:3-5). మీ కూటంలో ‘నగలు తీస్తేనే బాప్తిస్మం, నగలు తీస్తేనే ప్రభు బల్ల’ అనే మాట వస్తే ఇక ఓర్చుకోనక్కర్లేదు, ఎదిరించాలి.

ప్రశ్న: మా ఊరి సంఘంలో రెండు పేటలవాళ్లం ఉన్నాం. ప్రభురాత్రి భోజనం మా పేటవాళ్లకు చివర్లో ఇస్తారు. అడిగితే ‘ఆత్మలో అందరం ఒకటే, బయటి మర్యాదలు బయటివి’ అంటారు పెద్దలు. బైబిల్లో సూటి జవాబు ఉందా?

ఉంది. గలతీ 2:11-14. అంతియొకయలో పేతురు అన్యజన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్లు కొందరు రాగానే భయపడి పక్కకు జరిగాడు. మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా అదే దారి పట్టారు. పేతురు ఆ రోజు తప్పుడు ప్రసంగమేదీ చేయలేదు, సిద్ధాంతమూ మార్చలేదు, పంక్తి మాత్రమే మార్చాడు. పౌలు దాన్ని అందరి ముందూ నిలదీసి, సువార్త సత్యం ప్రకారం సరిగా నడవడం లేదన్నాడు. ‘ఆత్మలో ఒకటే, పంక్తి వేరు’ అన్న మీ పెద్దల మాట ఆనాటి పేతురు నిలబడ్డ చోటు నుంచి వస్తున్నదే. ఆ చోట నిలబడినందుకే అపొస్తలుడికి చీవాట్లు పడ్డాయి.

ఆ పేతురే అంతకుముందు కొర్నేలీ అనే అన్యజనుడి ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చాక యెరూషలేములో అతనిపై పెట్టిన నింద చూడండి. బాప్తిస్మం ఎందుకిచ్చావని అడగలేదు. వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో ఎందుకు భోంచేశావని అడిగారు (అపో. కా. 11:3). మొదటి శతాబ్దంలోనూ చిక్కు కంచం దగ్గరే వచ్చింది.

కొరింథులోనూ అంతే. ఉన్నవాళ్లు ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో మిగిలేవారు (1 కొరింథీయులకు 11:21-22). ‘అయోగ్యంగా’ తినడం, ‘శరీరాన్ని వివేచించకపోవడం’ అనే మాటలు ఆ గొడవ మధ్యలోనే వస్తాయి (11:27-29). మనం వాటిని ఎవరి రహస్య పాపాలు వాళ్లు తలుచుకునే మాటలుగా మాత్రమే కుదించుకున్నాం. పౌలు చివర్లో చెప్పిన పరిష్కారం, భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి (11:33). యాకోబు 2:1-4 కూడా కలపండి. ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని ఆయన చెడ్డ ఆలోచనలతో తీర్పు తీర్చేవాళ్లన్నాడు.

చేయాల్సింది ఇది. సంఘ కమిటీలో తీర్మానం పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించండి: సంస్కారం (ప్రభురాత్రి భోజనం) కూర్చున్న వరుస ప్రకారమే, ఏ కుటుంబానికీ మొదటి హక్కు లేదు. చిన్న గ్లాసులు వాడితే అందరికీ ఒకే పళ్లెంలోంచి ఇవ్వాలి. మొదలుపెట్టేది మామూలు ఆదివారమైతే మంచిది. క్రిస్మస్‌కు మొదలుపెడితే ఆ ఒక్క రోజుకు అందరూ సర్దుకుని, జనవరిలో పాత పద్ధతికి వెళ్లిపోతారు. ప్రేమ విందులో ఎవరు వండుతున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు అన్నది సంస్కారం కంటే గట్టి పరీక్ష. వంట జట్టులో రెండు పేటలవాళ్లూ ఉండాలి. సమాధుల స్థలంలో చనిపోయిన వరుసలోనే గుంతలు తీయాలి. పెళ్లికి పౌలు పెట్టిన షరతు ‘ప్రభువునందు’ అన్నదొక్కటే (1 కొరింథీయులకు 7:39). ఎవరినీ బలవంతం చేయలేం గానీ, సంబంధాలు చూసే పాస్టరుగారు మొదటి ప్రశ్నగా పేట అడగడం మాత్రం ఆపవచ్చు.

ఒకటి రెండు కుటుంబాలు అలిగి వెళ్లిపోతాయి, కానుకలు తగ్గుతాయి. కమిటీ వెనక్కి తగ్గేది అక్కడే, ముందే అనుకుని ఉండండి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలతో, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. తెల్లవాళ్లను అడిగిన మాట అది. ఇప్పుడు మనలో మనం అడుక్కోవాల్సి వస్తోంది.

ప్రశ్న: మా కోశాధికారి గుడి కట్టడం నిధిలోంచి లక్ష రూపాయలు సొంతానికి వాడుకున్నాడు. దొరికాక ఒప్పుకుని ఏడ్చాడు. ‘క్షమించి చేర్చుకోవాలి’ అని అతనికి మళ్లీ అదే బాధ్యత ఇవ్వమంటున్నారు. ఇవ్వాలా?

మనిషిని చేర్చుకోండి, తాళం చెవి ఇవ్వకండి.

కొరింథులో శిక్ష పొందినవాడి గురించి పౌలు, పడిన శిక్ష చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అని రాశాడు (2 కొరింథీయులకు 2:6-8). కాబట్టి అతని ఇంటికి వెళ్లడం, ఆరాధనలో పక్కన కూర్చోవడం ఆపకూడదు. పదవి సంగతి వేరు. పెద్దకు, పరిచారకుడికి ముందుగా పరీక్షించిన నడవడి, బయటివాళ్ల దగ్గర మంచి పేరు కావాలి (1 తిమోతి 3:7, 10).

డబ్బు తిరిగి రావాలి. తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు అయిదో వంతు కలిపి ఇవ్వాలని ధర్మశాస్త్రం (లేవీయకాండము 6:5, సంఖ్యాకాండము 5:7). లక్షకు లక్షా ఇరవై వేలు. దొంగిలించిన గొర్రెను చంపినా అమ్మినా నాలుగింతలు (నిర్గమకాండము 22:1). జక్కయ్య ఆ పెద్ద లెక్కనే తన మీద వేసుకున్నాడు (లూకా 19:8). యేసు ఆ లెక్క తేలాక అతని ఇంటికి వెళ్లలేదు, వెళ్లాకే ఆ లెక్క బయటికొచ్చింది. ఈ అయిదో వంతు మన సంఘాలకు చట్టమేమీ కాదు, మంచి కొలత మాత్రం.

బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని మొత్తం తేల్చండి. నెలకెంత, ఎన్ని నెలలు అని కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి, కట్టిన ప్రతిసారీ రశీదు ఇవ్వండి. సంఘం సొమ్ము కాబట్టి సంఘానికి మొత్తం ఎంతో ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, లేకపోతే లక్ష కాస్తా ఊళ్లో పది లక్షలవుతుంది. ఇకమీదట ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి ఆదివారం కానుక ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. యెరూషలేము చందా మోసుకెళ్లేటప్పుడు పౌలంతటివాడే నింద రాకూడదని తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:19-21). ఈ ఏర్పాటు ముందే ఉంటే ఆ తమ్ముడు ఈ శోధనలో పడేవాడు కాదేమో.

ప్రశ్న: దేవుడు నన్ను అంగీకరించాడని ఎలా తెలుస్తుంది? ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు.

అనిపించడం గుర్తు కాదు. లూకా 18:9-14లో గుడికెళ్లిన ఇద్దరిలో తృప్తిగా ప్రార్థించినవాడు పరిసయ్యుడు. తల కూడా ఎత్తలేని సుంకరి నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. మన హృదయమే మనమీద నేరం మోపినా దేవుడు దానికంటే గొప్పవాడని 1 యోహాను 3:20 చెబుతుంది. ఫలానా పాపం ఉందని తెలిస్తే దాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి (1 యోహాను 1:9). ఏ పాపమూ తోచక, నిద్ర లేక, తిండి సయించక రెండు వారాలు దాటితే డాక్టరుకు కూడా చూపించుకోండి. అది విశ్వాసలోపం కాకుండా కుంగుబాటు జబ్బు కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ‘స్వస్థత జరిగిందని ఒప్పుకుని మెషీన్ మానెయ్యండి, జబ్బును ఒప్పుకోవడం అవిశ్వాసం’ అని కొందరు వచ్చి చెబుతున్నారు. నాన్నగారు ఊగిసలాడుతున్నారు.

డయాలసిస్ మానకూడదు. మానితే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇన్సులిన్, మూర్ఛ మాత్రలు, కనీసం ఆరు నెలలు వాడాల్సిన క్షయ మందుల విషయంలోనూ అంతే. ప్రార్థన చేసి నయమైందని నమ్మితే పరీక్ష చేయించండి, రిపోర్టు చూసి మందు తగ్గించేది డాక్టరు.

జబ్బుందని ఒప్పుకోవడం అవిశ్వాసమైతే పౌలు అవిశ్వాసి అవుతాడు. త్రోఫిమును మిలేతులో జబ్బుగానే వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు, తరచు వచ్చే బలహీనతలు ఉంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లొచ్చాడు (ఫిలిప్పీ 2:27). హిజ్కియాకు బాగవుతుందని మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానమూ కట్టూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి.

మరోవైపు, ‘దేవుడిచ్చింది, నోరు మూసుకుని భరించాలి’ అనేవాళ్ల మాట కూడా సగమే. శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసేయమని పౌలు మూడుసార్లు బతిమాలాడు, ‘నా కృప నీకు చాలు’ అన్న జవాబు వచ్చాకే ఒప్పుకున్నాడు (2 కొరింథీయులకు 12:8-9). యేసు గెత్సేమనేలో మూడుసార్లు ప్రార్థించాడు (మత్తయి 26:44). దావీదు, జబ్బుపడిన తన బిడ్డ బతికున్నన్నాళ్లూ ఉపవాసముండి నేలమీద పడున్నాడు, ఏడో రోజు బిడ్డ పోయాక లేచి స్నానం చేసి భోంచేశాడు (2 సమూయేలు 12:16-20). అడగడం ముందు, ఒప్పుకోవడం తర్వాత. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది. యోబు అధ్యాయాల కొద్దీ దేవుడితో వాదించాడు. కడపట దేవుడు కోప్పడింది, జబ్బుకు కారణాలు చెప్పిన స్నేహితుల మీద (యోబు 42:7). మీ ఇంటికి వచ్చేవాళ్లకు ఆ వచనం చూపించండి.

సంఘంవాళ్లకు కొన్ని మాటలు. ఫోన్ చేసి రండి. పదిహేను నిమిషాలు మించకండి. డయాలసిస్ రోగికి కొబ్బరిబొండాలు, అరటిపళ్లు, బత్తాయిలు తేకండి, వాటిలో పొటాషియం ఎక్కువ. నీళ్లకు కూడా కొలత ఉంటుంది, బలవంతంగా టీ తాగించకండి. ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే బండి వంతులవారీగా ఏర్పాటు చేస్తే అన్నిటికంటే మేలు. ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానన్న పౌలు (ఫిలిప్పీ 4:11) మూడు వచనాల తర్వాత, నా శ్రమలో పాలుపంచుకుని మంచిపని చేశారన్నాడు. ఒప్పుకున్నవాడికి సాయం అక్కర్లేదనుకోకండి.

ప్రశ్న: నా భర్త సంఘ పెద్ద. తాగకపోయినా కొడతాడు. పాస్టరుగారితో చెబితే ‘నీ సిలువ నువ్వు మోయాలమ్మా’ అన్నారు.

అది సిలువ కాదమ్మా. యేసును వెంబడించినందుకు వచ్చే శ్రమ సిలువ (మార్కు 8:34-35), మొగుడి చెయ్యి కాదు. ఈటె విసిరిన సౌలు నుంచి దావీదు ఆ రాత్రే పారిపోయాడు (1 సమూయేలు 19:10). కొరడాలతో కొట్టబోతే పౌలు తన రోమా పౌరసత్వపు హక్కు అడిగి ఆపించాడు (అపో. కా. 22:25). భార్యలు లోబడాలన్న భాగం చదివేవాళ్లు 1 పేతురు 3:7 దాకా చదవాలి. భార్యను గౌరవించనివాడి ప్రార్థనలకే అడ్డం వస్తుందని అక్కడుంది. పైగా కొట్టేవాడు సంఘ పెద్దగా ఉండకూడదని 1 తిమోతి 3:3 చెబుతోంది. ఆయన్ని పదవి నుంచి దింపాల్సిన బాధ్యత మీ పాస్టరుగారిది.

ప్రమాదం ముంచుకొస్తే 112కు, సలహాకు, ఆశ్రయానికి 181కు ఫోన్ చేయండి. జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా మీకుంది. దెబ్బలకు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని కాగితం తీసుకోండి. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు నమ్మకమైనవాళ్ల దగ్గర ముందే ఉంచండి. క్షమించడం తర్వాతైనా చేయవచ్చు, దానికోసం అదే ఇంట్లో దెబ్బలు తింటూ ఉండనక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయి చక్రాల కుర్చీలో ఉంటాడు. గుడి మెట్ల దగ్గర ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఒక పెద్దాయన లేవీయకాండము చూపించి, అవయవలోపం ఉన్నవాళ్లు బలిపీఠం దగ్గరికి రాకూడదన్నారు.

ఆయన చూపించింది 21వ అధ్యాయం 17 నుంచి 21 వరకు. అది అర్పణ అర్పించే యాజకులకు పెట్టిన నియమం, ఆరాధనకు వచ్చేవాళ్లకు కాదు. ఆ యాజకుడు కూడా అతిపరిశుద్ధమైన ఆహారం తినవచ్చని తర్వాతి వచనమే చెబుతోంది. రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతు రోజూ దావీదు బల్ల దగ్గరే భోంచేశాడు (2 సమూయేలు 9:13). విందుకు కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలవమన్నది యేసు (లూకా 14:13).

మెట్లు ఎక్కలేనివాణ్ణి పిలిచామంటే వాలుదారి కట్టాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. గుమ్మం ఎత్తు అడుగున్నర అయితే పద్దెనిమిది అడుగులు పడుతుంది. స్థలం లేదని ఆరడుగుల్లో ముగిస్తే కుర్చీ వెనక్కి జారుతుంది, వెనకనున్నవాళ్లమీద పడుతుంది. పైన, కింద కుర్చీ తిప్పడానికి అయిదడుగుల చదునైన చోటు, రెండువైపులా పట్టుకునే కమ్మి, జారని గరుకు గచ్చు కావాలి. తలుపు తెరిచాక మూడడుగుల ఖాళీ ఉండాలి. లోపల, ముందు బెంచీల వరుసలో ఒక బెంచీ చివర కోసి కుర్చీకి చోటివ్వండి. వెనక గోడ దగ్గర విడిగా పెట్టకండి, అబ్బాయి తన స్నేహితుల పక్కన కూర్చోవాలి.